నెలవంక ముందు, పళ్లెం తర్వాత

ధర్మవరం పట్టణ పోలీసు స్టేషన్. 28-1-1999, గురువారం, మధ్యాహ్నం మూడున్నర గంటలు. ఈ నెల పద్దెనిమిదో తేదీ సాయంత్రం ఆకాశంలో గుర్తు తెలియని వస్తువు కనబడిన విషయమై ఎస్సై చంద్రప్ప గారి ఎదుట చెప్పగా రైటర్ రాసుకున్నది.

నా పేరు జమ్రూద్ బీ. భర్త పేరు హుసేనప్ప, చనిపోయి ఆరేళ్లయింది. నా వయసు యాభై మూడు. ధర్మవరంలో మసీదు వీధిలో సొంత మిద్దెలో కొడుకు, కోడలు రిహానాతో కలిసి ఉంటాను.

నా వృత్తి పడుగులు అతకడం. మగ్గం మీద ఒక పడుగు అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. వేళ్లకు బూడిద అద్దుకుంటే పట్టు జారదు. ఒక్కో పడుగుకు నాలుగు వేలకు పైగా పోగులుంటాయి. ఒక్కటి తప్పినా చీర పొడవునా గీత పడుతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే పని. నాకు కళ్లద్దాలు లేవు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, చూపు ఎలా ఉందని ఎస్సై గారు అడిగారు కాబట్టి చెబుతున్నాను. కొంచెం గొప్పకు కూడా చెబుతున్నాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. పోగు అతికి, ఒకసారి లాగి చూసుకున్నాక మళ్లీ దానివైపు చూడకూడదు. చేతులు పక్క పోగు మీదికి పోవాలి. అతికిందా లేదా అని వెనక్కి చూస్తూ కూర్చుంటే నాలుగు వేల పోగులు నాలుగు వారాలైనా కావు. ఇది ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

పద్దెనిమిదో తేదీ సోమవారం. రంజాన్ నెలలో మాకు ఇరవై తొమ్మిదో ఒక్కపొద్దు. ఆ సాయంత్రం నెలవంక కనబడితే మర్నాడు పండగ, కనబడకపోతే ఇంకొక ఒక్కపొద్దు ఉండాలి. అందుకని ఆ పూట మా వీధిలో మిద్దె ఎక్కనివాళ్లు లేరు. మా మిద్దె వీధిలో అన్నిటికంటే ఎత్తు. ఆరూ పదికి ఖర్జూరం తిని, నీళ్లు తాగి, నమాజు చేసుకుని పైకి వెళ్లాను. నాతో రిహానా ఉంది. మా ఇంటి ముందు ఆటో నిలుపుకునే సలీం కూడా పైకి వచ్చాడు.

పడమట గుట్టల మీద మబ్బు పట్టి ఉంది. గుట్టకూ మబ్బుకూ మధ్య జానెడు సందు. ఆ సందులో నెలవంక చూశాను. నేనే ముందు చూశాను. "అదిగో" అని చెయ్యి చాపి చూపించాను. రిహానా నా చేతి వెంబడి చూసి "ఆ, కనబడె" అంది. సలీం కూడా "చూసినా, చూసినా" అన్నాడు. అప్పుడు తన చేతి గడియారం చూసి ఆరూ ఇరవై రెండు అన్నాడు. సలీం గడియారం రెండు నిమిషాలు ముందు పోతుందని వీధికంతా తెలుసు. రైటర్ గారు ఆరూ ఇరవై అని రాస్తానన్నారు. సరే అన్నాను.

నేను దువా చదువుకుని వెనక్కి తిరిగాను. రిహానా, సలీం పడమర వైపే చూస్తూ నిలబడ్డారు. చుట్టుపక్కల మిద్దెల మీద ఉన్నవాళ్లందరూ పడమర వైపే చూస్తున్నారు. నాకు మాత్రం చూడటం అయిపోయింది. సేమ్యాలు ఇంకా వేయించలేదు, పాలు కాచలేదు, పండగ వచ్చి గుమ్మంలో నిలబడింది.

మా మెట్లు తూర్పు వైపు దిగుతాయి. రెండు మెట్లు దిగి తల ఎత్తితే ఎదురుగా ఆకాశంలో అది ఉంది.

ఎలా ఉందంటే, తెల్లగా ఉంది. వరిగింజంత. చుక్క కాదు, చుక్క మిణుకుమంటుంది, ఇది మిణుకుమనలేదు. పైన గుండ్రంగా, కింద సన్నగా, ఒలిచిన వెల్లుల్లి రెబ్బను తలకిందులుగా పట్టుకున్నట్టు ఉంది. కదలలేదు. చప్పుడు లేదు. భయపడ్డావా అని ఎస్సై గారు అడిగారు. భయం వేయలేదు. మంచి రోజు, ఆకాశంలో ఏది కనబడినా మంచిదే అనుకున్నాను. "ఒమే రిహానా, ఈడ చూడే" అని పిలిచాను. "ఉండత్తా, నెలవంక మబ్బులోకి పోతాండాది" అని ఆ పిల్ల తిరగలేదు. సలీం అప్పటికే పక్కింటి మిద్దె గోడ దూకి, నెలవంక కబురు చెప్పడానికి మసీదుకు పరుగెత్తాడు.

నేను మెట్టు మీదే నిలబడి చూశాను. తెలుపు కాస్తా పసుపు అయింది. తర్వాత కుంకుమ రంగు. తర్వాత ఆరిపోయింది. పడిపోలేదు, ఆరిపోయింది. అంతా కలిపి ఐదారు నిమిషాలు. ఇంతే నేను చూసింది. కిందికి దిగి పాలు పొయ్యి మీద పెట్టాను.

ఆ తర్వాత మసీదు వాకిట సలాం సాబ్ మా ముగ్గురినీ పిలిపించారు. ఆయన మా మసీదు పెద్ద. వయసు డెబ్బై దాటింది. ఒక్కొక్కరినీ విడిగా నిలబెట్టి, ప్రమాణం చేయించి అడిగారు. ముగ్గురమూ చూశామని చెప్పాం. ఆయన టెలిఫోన్ బూత్‌కు పోయి పెనుకొండకూ, హిందూపురానికీ ఫోను చేశారు. రెండు ఊళ్లలోనూ పడమట మబ్బు, నెలవంక ఎవరికీ కనబడలేదన్నారు. తిరిగి వచ్చారు. మళ్లీ నన్నొక్కదాన్నే పిలిచారు.

"జమ్రూదమ్మా, నలభై ఇండ్ల ఒక్కపొద్దు నీ కంటి మీద పెడతాండా. చూసినావా?"

"చూసినాను సాబ్."

ఇంకేమీ అడగలేదు. మర్నాడు పండగ అని చాటించారు. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. మర్నాడు పండగ బ్రహ్మాండంగా జరిగింది. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ "నీ కండ్లు సల్లగుండ" అని షీర్ ఖుర్మా తాగి పోయారు. నేను ఒప్పుకుంటాను, ఆ రోజు నా కాళ్లు నేల మీద లేవు. అందరితోనూ నెలవంక సంగతి చెప్పాను. దానితోపాటు ఆ తెల్లటి వస్తువు సంగతి కూడా చెప్పాను. ఎటువైపు అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అదే నేను చేసిన తప్పు.

ఇరవయ్యో తేదీ పేపర్లో వార్త వచ్చింది. పద్దెనిమిదో తేదీ సాయంత్రం పెనుకొండ బస్టాండులో జనం ఆకాశంలో ఎగిరే పళ్లెం చూశారని, అధికారులు విచారిస్తున్నారని. మా వీధిలో పేపరు చదివేది యూనస్. సైకిల్ షాపు పెట్టుకున్నాడు, మాకు మూడిళ్ల అవతల. మంచివాడే. ఏడాదంతా ఒక్క నమాజూ తప్పడు. నోట్లో నువ్వుగింజ నానదు, అదొక్కటే. ఆ సాయంత్రం పావుగంట సేపు పడమర చూసి, ఏమీ కనబడక దిగిపోయినవాళ్లలో అతనూ ఒకడు. అతని మిద్దెకు అడ్డంగా రైసుమిల్లు రేకులున్నాయి. ఆ సంగతి అతను చెప్పడు.

యూనస్ పేపరు మడిచి చంకలో పెట్టుకుని నలుగురిలో నిలబడి అన్నాడు. "తెల్లగా ఏందో చూసినానని జమ్రూదక్కే చెప్పె. పేపర్లో పళ్లెం అని రాసినారు. అంటే అక్క చూసింది పళ్లెం అప్పా. నెలవంక యాడిది? హిందూపురంలో కనబడని నెలవంక మన వీధికొక్కదానికే కనబడ్తాదా?"

ఆ రోజు హిందూపురంలో పండగ. మాకంటే ఒక రోజు తర్వాత. దాంతో యూనస్ మాటకు బలం వచ్చింది. నేను పళ్లెం చూసి నెలవంక అన్నానంటే, వీధి మొత్తం ఉండాల్సిన ఒక ఒక్కపొద్దు నా వల్ల పోయినట్టు. అందరూ దానికి బదులు ఇంకొకటి ఉండాలి. కొందరు అప్పుడే మొదలుపెట్టారు. ముసలివాళ్లు, పాలిచ్చే తల్లులు కూడా. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. నన్ను చూసి తల దించుకుని పోయారు.

నేను పోయి యూనస్‌ను నిలదీశాను. నెలవంక వేరు, అది వేరు, అది తూర్పున ఉండింది అని చెప్పాను. "ఇప్పుడు చెప్తాండావు అక్కా తూర్పు అని. పండగ రోజు ఏల చెప్పలేదు?" అన్నాడు. సలీంను అడిగాను. అతను ఆటో అద్దం తుడుస్తూ నా ముఖం చూడకుండా, "అక్కా, నువ్వు చెయ్యి చాపితివి, నేను చూసినాననుకున్న్యా. ఇప్పుడు ఆలోచిస్తే ఏమో" అన్నాడు. రిహానాను అడగలేదు. ఆ పిల్ల నా కోడలు, నేను ఏం చెబితే అది చూశానంటుంది, దానికి విలువేముంది.

హిందూపురంలో ఉన్న నా కూతురు ఆలియా శుక్రవారం మా వీధి బూత్‌కు ఫోను చేసి నన్ను పిలిపించింది. వాళ్ల అత్త అందరిలో నవ్విందట, మీ అమ్మ పళ్లెం చూసి పండగ చేసింది అని. ఆలియా ఏడ్చింది. "నువ్వు చూసినావు కదమ్మా?" అని అడిగింది. "చూసినా తల్లీ" అన్నాను. కన్నబిడ్డ కూడా నన్ను అడగాల్సి వచ్చిందే అని బాధ వేసింది.

ఆ తర్వాత ఐదు రోజులు నాకు పని సాగలేదు. పడుగు ముందు కూర్చుంటే అతికిన పోగు మళ్లీ చూసుకోవాలనిపించేది. ముప్పై ఏళ్లలో అలా ఎప్పుడూ లేదు.

మొన్న ఇరవై ఆరున కానిస్టేబుల్ వచ్చి, వస్తువును చూసినవాళ్లందరూ వాంగ్మూలం ఇవ్వాలి, గురువారం రమ్మన్నారు. స్టేషన్ అంటే మా ఇంట్లో అందరూ వణికారు. నాకు మాత్రం సంతోషం వేసింది. నేను చెప్పేది కాగితం మీద రాసుకునేవాళ్లు ఒకరైనా దొరికారని.

ఈరోజు వచ్చేసరికి ఎస్సై గారి ఎదుట విజయ్ కుమార్ గారనే ఇంజనీరు కూర్చుని ఉన్నారు. హైదరాబాదు నుంచి వచ్చారు. వాళ్లు పైగాలులను పరీక్షించడానికి పెద్ద పెద్ద బెలూన్లు వదులుతారట. పద్దెనిమిదిన ఒకటి వదిలారు, దానికి కట్టిన పెట్టె పంతొమ్మిది ఉదయం సోమందేపల్లి దగ్గర ఆశీర్వాదం అనే రైతు చేలో గుడ్డ గొడుగుతో సహా దిగింది. ఆయన భయపడి పోలీసులకు చెప్పాడు. ఆ పెట్టె తీసుకుపోవడానికి ఇంజనీరు గారు వచ్చారు. బెలూను ఏ నిమిషానికి ఎక్కడ ఉందో లెక్కలన్నీ ఆయన ఫైలులో ఉన్నాయట. ఫైలు మూసి, బల్ల మీద ఉంది. బెంచీ మీద సలాం సాబ్ కూర్చున్నారు. ఆయన పక్కన యూనస్. అతన్ని ఎవరూ పిలవలేదు, తనే వచ్చాడు.

ఎస్సై గారు ఫైలు అందుకోబోయారు. నేను వద్దన్నాను. "సార్, ముందు నేను చెప్పేది రాసుకోండి. నాతో సంతకం చేయించుకోండి. అప్పుడు అది తెరవండి. లేకుంటే, కాగితం చూసి మాట సర్దినానని వీధిలో అంటారు" అన్నాను. ఎస్సై గారు నావైపు చూసి, "ఏమమ్మా, స్టేషన్ మాదా నీదా?" అన్నారు. అని నవ్వి, సరే అన్నారు. పైన ఉన్నదంతా అలా రాసిందే. దిక్కు అడిగితే తూర్పు అని చెప్పాను. కచ్చితంగా ఎటు అంటే, తూర్పున కొంచెం కుడిచేతి వైపు, నిలబడి చెయ్యి సగం ఎత్తితే ఎంత ఎత్తో అంత ఎత్తున అని చూపించాను. రైటర్ గారు రాశారు. అక్కడ వేలిముద్ర వేశాను. బూడిదకూ పట్టుకూ అరిగి నా వేళ్లకు గీతలు లేవు, ముద్ర ఉత్త నల్లటి మచ్చలా పడింది. అందుకని సంతకం కూడా చేశాను.

ఇక్కడి నుంచి రాసేది ఫైలు తెరిచిన తర్వాతది.

ఆ కాగితంలో పడమర అని ఉంటే నా పని అయిపోయినట్టే. నేను తూర్పున చూసిన మాట నిజమే. కానీ వారం రోజులుగా అందరూ కాదంటుంటే, నిజం కూడా నా చేతిలో జారుతున్నట్టుంది.

విజయ్ కుమార్ గారు వేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతూ వచ్చారు. ఆరూ ఇరవై మూడు దగ్గర ఆగి చదివారు. బెలూను గాండ్లపెంట పైన, చాలా ఎత్తులో ఉంది. ఎస్సై గారు లేచి గోడ మీది జిల్లా పటం దగ్గరకు పోయి ధర్మవరం మీద ఒక వేలు, గాండ్లపెంట మీద ఒక వేలు పెట్టారు. తూర్పు. కొంచెం కుడిచేతి వైపు.

కింద పొద్దు మునిగినా అంత ఎత్తులో ఎండ ఉంటుందని, ఎండ తగ్గేకొద్దీ బెలూను తెల్లగా, పసుపుగా, ఎర్రగా మారి కనబడకుండా పోతుందని ఇంజనీరు గారు చెప్పారు. ఉత్త కంటితో దాని ఆకారం చెప్పినవాళ్లను ఇంతవరకు చూడలేదన్నారు. ఈ మాట తప్పకుండా రాయమని రైటర్ గారిని అడిగాను.

ఎస్సై గారు యూనస్ వైపు తిరిగి, "ఏమప్పా, తూర్పున నెలవంక చూసేవాళ్లు ఎవరైనా ఉండారా మీలో?" అని అడిగారు.

యూనస్ లేదన్నాడు. వెంటనే, "అయినా సార్, పళ్లెం తూర్పున ఉందంటే పడమట నెలవంక ఉన్నట్టా?" అన్నాడు.

అప్పుడు నేను లేచాను. "యూనసూ, ఆ పొద్దు నువ్వు ఎటు చూస్తాంటివి?" అని అడిగాను. పడమర అన్నాడు. "వీధిలో అందరూ?" పడమర. "మరి నేనొక్కదాన్నే తూర్పుకు ఏల తిరిగినా? నెలవంక కనబడనిదాన్నైతే నీ మాదిరి ఆడనే నిలబడి మెడ చాపుకుని చూస్తా ఉండనా? నాకు చూసేది అయిపాయె కాబట్టి దిగొస్తాంటి. దిగొస్తాంటి కాబట్టి బెలూను కనబడె."

యూనస్ మెల్లగా అడిగాడు. "అక్కా, నెలవంక యెట్ల ఉండె?"

పది రోజుల్లో ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. చూశావా, లేదా, అంతే అడిగారు. నాకు ఏడుపు వచ్చింది. స్టేషన్లో ఏడవకూడదని ఆపుకున్నాను. చెప్పాను. చాలా సన్నంగా ఉండింది. రెండు కొనలూ పైకి, ఒక కొన కంటే ఇంకొకటి కొంచెం ఎత్తు. లేత బంగారం రంగు. ఒకవైపు మబ్బు తగిలి మాసినట్టుండింది. అంత సన్నటి నెలవంక నా జన్మలో చూడలేదు. యూనస్ తల ఊపుతూ విన్నాడు. "నాకు ఆ రేకులు అడ్డమొచ్చినాయిలే అక్కా" అన్నాడు.

విచారణ ముగిసిందని ఎస్సై గారు అందరికీ టీ తెప్పించారు. నేను గ్లాసు పట్టుకుని ఆగాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, రిహానాకు కూడా. ఈరోజు తెల్లవారకముందే లేచి రెండు ముద్దలు తిని ఒక్కపొద్దు మొదలుపెట్టాను. నేను పొరబడి ఉంటే నా వంతుకు బదులు అని. నా కళ్ల మీద నేనే అనుమానపడ్డాను. ఇప్పుడు ఏం చేయాలో తెలియక సలాం సాబ్ వైపు చూసి, ఒక్కపొద్దు ఉన్నానని, టీ తాగవచ్చా అని అడిగాను.

ఆయన గ్లాసు కూడా నిండుగానే ఉంది. పెదవికి తగిలించలేదు.

"నేనూ ఉండాను తల్లీ," అన్నారు. "నీ మాట నమ్మినా. నమ్మినా గానీ, చాటించింది నేను గదా, నలభై ఇండ్ల భారం నా మెడమీద ఉండాది."

నా ఎదుట ఒక్కసారి కూడా ఆయన అనుమానం చూపించలేదు. ఒక్కరే ఉన్నారు ఒక్కపొద్దు, ఆ వయసులో. నేనూ ఒక్కదాన్నే ఉన్నాను. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరికొకరు చెప్పుకోలేదు. యూనస్ మాత్రం, తాను పోయిన శుక్రవారమే ఉన్నానని, అది వృథా అయిందా అని అడిగాడు. "వృథా ఏల అవుతాది? పుణ్యంలోకి పోతాదిలే" అని సలాం సాబ్ అన్నారు.

తర్వాత నాతో అన్నారు. "మనం ఉండాల్సినవన్నీ ఉన్న్యాం. నీమీద ఏమీ లేదు, నామీద ఏమీ లేదు. తాగమ్మా."

ముందు ఆయన తాగారు. తర్వాత నేను తాగాను. టీలో చక్కెర ఎక్కువైంది. స్టేషన్ గోడ గడియారంలో నాలుగూ నలభై. ఒక్కపొద్దు విడిచే వేళకు ఇంకా గంటన్నర ఉంది, బయట ఎండ గట్టిగానే ఉంది.

రాసుకున్నదంతా రైటర్ గారు మొదటి నుంచి చదివి వినిపించారు. కన్ను చూసింది, చెవి విన్నది తప్ప ఇందులో నేను కలిపింది లేదు, దాచింది లేదు. ఎవరి బలవంతమూ లేకుండా, నిండు మనసుతో చెప్పాను.

(సంతకం) జమ్రూద్ బీ
ధర్మవరం, 28-1-1999

నా ఎదుట: చంద్రప్ప, సబ్ ఇన్‌స్పెక్టర్
సాక్షులు: సలాం, యూనస్